అంజినప్ప మొగం

రోజూ పొద్దున రంగు డబ్బాల మూత తీయకముందు నేను రణచంద్ర మొగం ఒకటి రాసేవాణ్ణి. కొందరు దండీలు తీస్తారు, కొందరు గుడికి పోతారు, నా సాధన అది. పొట్లాల కాగితం మీద బొగ్గుముక్కతో రాసి, కాసేపు చూసుకొని, ఆ కాగితంతోనే రంగుల్లో కలిపే వజ్రం బంక కాచే పొయ్యి అంటించేవాణ్ణి. చేయి తిరగాలంటే దినమూ ఒకే మొగం రాయాలని ఎవరో చెప్పగా విన్నాను. ఎవరు చెప్పారో గుర్తుంటే ఇప్పుడు వాళ్ళింటికి పోయి రెండు మాటలు అడిగి వచ్చేవాణ్ణి.

రణచంద్ర అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. ఆ రోజుల్లో మదనపల్లెలో ఆయన సినిమా పడిందంటే టికెట్ల కిటికీ దగ్గర చొక్కాలు చినిగేవి. ఒకదాంట్లో లారీ డ్రైవరు, ఇంకోదాంట్లో సి.ఐ.డి., మరోదాంట్లో మారువేషంలో తిరిగే జమీందారు కొడుకు. వేషం ఏదైనా ఎడమ కనుబొమ మాత్రం పైకి లేచే ఉండేది. దొంగను పట్టుకున్నా లేచేది, తల్లి చచ్చిపోయినా లేచేది. ఆ కనుబొమ మీద ఆయన చాలా ఏళ్ళు బతికాడు. దాని కింద నేనూ కొంత బతికాను.

బడి నేను ఎనిమిదో తరగతిలో మానేశాను. పరీక్షలో దేశపటం గీసి నదులు గుర్తించమన్నారు. పటం బాగానే గీశాను. మధ్యలో జాగా ఊరికే పడి ఉందని రణచంద్రను కూర్చోబెట్టాను. అయ్యవారు ఆ కాగితాన్ని తరగతి అంతటికీ చూపించి, ఈ నది యాడ పుట్టి యాడ కలుస్తుందో చెప్పమని నన్ను నిలబెట్టాడు. ఆ నవ్వులు ఇప్పటికీ వినబడతాయి. నదుల పేర్లు మాత్రం ఒకటీ గుర్తు లేదు. ఆ అయ్యవారే రిటైరయ్యాక ఇంటి ముందర పేరు పలక రాయించుకోవాలని మా అంగడికే వచ్చాడు. నేను టీ తాగడానికి పోయి, ఆయన వెళ్ళిపోయిందాకా రాలేదు.

అంగడి నాది కాదు, గౌస్‌ది. పుంగనూరు బస్టాండు పక్క సందులో ఉండేది. గౌస్ అక్షరం రాస్తే అచ్చులో పోసినట్టు ఉండేది. పూలు, తీగలు, సైకిలు, సబ్బుబిళ్ళ ఏదైనా రాసేవాడు. ప్రాణమున్న మొగం మాత్రం రాసేవాడు కాదు. మొగం రాసినవాణ్ణి పైన దేవుడు నిలబెట్టి, రాశావు గదా, ఇప్పుడు దీనికి ప్రాణం పొయ్యి అంటాడని వాళ్ళమ్మ మైమూన్ బీ చిన్నప్పుడే చెప్పిందట. అందువల్ల పళ్ళ డాక్టరు బోర్డు మీద నవ్వే మనిషి కావాలన్నా, మదనపల్లె సినిమాహాలుకు బ్యానరు కావాలన్నా మొగాలు నా వంతు. పైన దేవుడి ముందర నిలబడేదీ నా వంతే. ఈ రెండో సంగతి నేను పనిలో చేరిన చాలా రోజులకు గానీ గౌస్ బయటపెట్టలేదు.

మొగాల్లో నాకు పేరు వచ్చింది. రణచంద్ర అభిమాన సంఘానికి మదనపల్లెలో వెంకటరమణప్ప అనే ఆయన అధ్యక్షుడు. పగలు బట్టలంగట్లో గుడ్డ చించేవాడు, సాయంత్రం అధ్యక్షత చేసేవాడు. బ్యానరు లేపేముందు నిచ్చెన ఎక్కి, కనుబొమ మీద చెయ్యి పెట్టి ఎత్తు సరిపోయిందా అని జానతో కొలిచేవాడు. ఒకసారి దిగివచ్చి, నిద్రలో రాసినా నీ చేతికి రణచంద్రే వస్తాడు దొరస్వామీ, అన్నాడు. అంతకంటే పెద్ద మాట నన్ను గురించి ఎవరూ అనలేదు. ఆ మాట అక్షరాలా నిజమని తేలడానికి గంగులమ్మ రావలసి వచ్చింది.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటేడు అనుకుంటాను. సంతరోజు మధ్యాహ్నం చింతపండు అమ్ముకొని, ఖాళీ గంప నెత్తిన పెట్టుకొని వచ్చింది. ఆమెది సదుం దగ్గర పల్లె. మొగుడు అంజినప్ప బావులు తవ్వే మనిషి. ఆ చుట్టుపక్కల ఎవరి కయ్యలో పైరుకు నీళ్ళు ఉన్నాయంటే సగం ఆయన చేతి చలవే. అన్ని బావుల్లో దిగి బయటికి వచ్చినవాడు కామెర్లు వచ్చి మంచం మీద పోయాడు. ఫోటో లేదు. బావిలో దిగినవాణ్ణి ఫోటో తీసేదెవరు? కొడుకు కృష్ణప్పకు కుప్పంలో ఒక గవర్నమెంటు ఆఫీసులో అటెండరు పని దొరికింది. వాళ్ళింట్లో నెలజీతం తెచ్చిన మొదటివాడు వాడే. కోడలు బుజ్జమ్మ పుట్టింట్లో వాళ్ళ తాత ఫోటో ఉంది కాబట్టి వీళ్ళింట్లోనూ ఒక పటం ఉండాలని వాడి పట్టు. సంవత్సరీకం నాటికి గోడకు తగలాలి.

ఇదంతా కొడుకు గోల. ఆమె గోల వేరే. గంప కిందపెట్టి, గుంజకు ఆనుకొని కూర్చొని ఆ మాట చెప్పింది.

"లేస్తానే కంటి ముందర ఉండేటోడప్పా. ఇప్పుడు తలగుడ్డ కనబడతాది, బుజాలు కనబడతాయి, మొగం కాడికొస్తే మసక. ఇంగో యాడాది పోతే ఆ మసక గూడా ఉండదు. అంతలోపల రాసియ్యి."

గౌస్ నా వైపు కుంచె చూపించాడు.

మొగం కోలగా ఉంటుందా, గుండ్రంగా ఉంటుందా అని అడిగాను. మనిషి మొగం మాదిరే ఉంటుందని చెప్పింది. ముక్కు సంగతి అడిగితే, గాలి పీల్చేదానికి బాగానే ఉండె అంది. కండ్లు పెద్దవా చిన్నవా అంటే కాసేపు ఆలోచించి, బావిలోనుంచి పైకి వచ్చినప్పుడు ఎండకు చిన్నవయ్యేవని, ఎవరన్నా అబద్ధం చెబుతూంటే వాళ్ళను చూడకుండా నేలను చూసేవాడని, కూలి ఎగ్గొట్టినవాడి పెళ్ళికి గూడా పోయి తిని వచ్చేవాడని, ఇట్లాంటివి చాలా చెప్పింది. అన్నీ మంచి సంగతులే. ఒక్కటీ ఇనపరేకు మీద రాయడానికి పనికిరాదు. నా సాధనలో ముక్కుకు ఒక గీత, పెదవికి రెండు గీతలు ఉన్నాయి గానీ, అబద్ధం విని నేలను చూడడానికి గీత లేదు.

తలగుడ్డ ఎట్లా కట్టేవాడని అడిగితే మాత్రం ఆమె నోటితో చెప్పలేదు. లేచి నా బుజం మీది తువాలు తీసుకొని నా తలకే కట్టేసింది. ఒక్కచోట చేయి తడబడలేదు. చివర కొంగు ఎడమచెవి వెనక దోపి, వెనక్కి జరిగి చూసింది. చూస్తూ చూస్తూ ఉండగా ఆమె మొగంలో ఏదో వెలిగి, కిందికి నా మొగం మీదికి చూపు దిగేసరికి ఆరిపోయింది. గౌస్ అద్దం తెచ్చి నా ముందర పెట్టాడు. ఆ తలగుడ్డను నేను ఉన్నది ఉన్నట్టు రాసుకున్నాను. అందులో ఎవరూ వంక పెట్టలేరు.

చెవులూ దవడా కొడుకువి తండ్రివేనని ఆమె చెప్పడంతో నేను కుప్పం పోయాను. పలమనేరు దాకా ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకో బస్సు. ఆఫీసు వరండాలో స్టూలు మీద కూర్చొని ఉన్నాడు కృష్ణప్ప. కుక్కచెవుల కాలరు చొక్కా, నుదుటి మీద రింగు తిప్పిన వెంట్రుక. ఏ సినిమాలోదో నాకు చూడగానే తెలిసింది. నేను చెవులు చూద్దామని పోతే చెవులు జుట్టు కింద దాగి ఉన్నాయి. దవడ మీదికి దట్టంగా చెంపల జుట్టు దిగి ఉంది.

టీ అంగట్లో తమిళం మాట్లాడే ఆయన మాకు టీ ఇచ్చాడు. తండ్రి ఎట్లా ఉండేవాడని అడిగితే కృష్ణప్ప వాళ్ళమ్మలాగా తడుముకోలేదు.

"మా నాయనంటే ఏమనుకుంటివన్నా. మంచి వయసులో సూడాల్సింది. ఇంచుమించు రణచంద్ర కట్టు."

నాకు ప్రాణం లేచి వచ్చింది. ప్రపంచంలో నాకు బాగా వచ్చిన మొగం ఒక్కటే. కొడుకే తన నోటితో ఆ మొగమే అన్నాడు. ఇంకా ఏం కావాలి? దాంతోబాటు తండ్రికి కాలరు చొక్కా వెయ్యమన్నాడు, ఎడమచేతికి గడియారం పెట్టమన్నాడు. బీడీ వద్దన్నాడు. హెడ్ క్లర్కు ఇంటికి వస్తానన్నాడట.

తిరిగివచ్చి రేకు సిద్ధం చేసి మొదలుపెట్టాను. కొడుకు మాట విని కావాలనే రణచంద్రను దించానని తర్వాత కొందరు అన్నారు. అది అన్యాయం. కనుబొమను కిందికి దించడానికి నేను పడిన పాట్లు గౌస్‌కు తెలుసు. సమంగా రాసి, పక్కకు పోయి నీళ్ళు తాగి వచ్చి చూస్తే అది లేచే ఉండేది. తుడిచి మళ్ళీ రాస్తే పెదవి కొసన ఆ నవ్వు వచ్చేది. నవ్వు తీస్తే గడ్డంలో గుంట పడేది. ఒక దాన్ని తోస్తే ఇంకోటి లేచేది, నీళ్ళలో తేలే బెండు మాదిరి.

గౌస్ ఒక కిళ్ళీ అంగడి బోర్డుకు అక్షరాలు దిద్దుకుంటూ చూశాడు. ఆఖరికి అన్నాడు.

"ఏం దొరా, ఈయన బావి తవ్వేటోడా, బావికాడ పాట పాడేటోడా?"

నువ్వు రాయి చూద్దాం అన్నాను. వాడు రాయడని తెలుసు కాబట్టి అన్నాను.

సంతరోజు గంగులమ్మ వచ్చింది. రేకును గోడకు ఆనించి పెట్టాను. ఆమె కొంగుతో చేతులు తుడుచుకొని దాని ముందర కూర్చుంది. తలగుడ్డ దగ్గర వేలు పెట్టి, ఇది ఆయప్పదే అంది. వేలు కిందికి దిగింది. కాలరు దగ్గర ఆగింది. గడియారం దగ్గర ఆగింది. మళ్ళీ పైకి పోయి కనుబొమ దగ్గర నిలిచింది.

"ఈడ యాలప్పా ఇట్లుండాది?"

పటంలో మనిషి అట్లాగే ఉంటాడని, ఎదుట ఉన్న మనిషి వేరు, పటంలోని మనిషి వేరు అని, కొన్నాళ్ళు చూస్తే అలవాటవుతుందని చెప్పాను. అది అబద్ధం కాదు. ఆమె తల ఊపింది. సదువుకున్నోళ్ళు రాసింది, నాకేం తెలుసప్పా అంది. ఆ మాటకు గౌస్ దగ్గినట్టు నటించి బయటికి పోయాడు. ఆమె రేకును తువాల్లో చుట్టి, గంపలో నిలబెట్టి, నెత్తిన పెట్టుకొని సదుం బస్సుకు పోయింది.

సంవత్సరీకం బాగా జరిగిందట. పటం చూడడానికి పక్క పల్లెలవాళ్ళు కూడా వచ్చారట. హెడ్ క్లర్కు గూడా వచ్చి, మీ నాయన ఇంత దర్జా మనిషని అనుకోలేదు కృష్ణప్పా అన్నాడట. పల్లెలో అంజినప్పతో కలిసి పలుగు పట్టినవాళ్ళు ఒకరిద్దరు పటం ముందర నిలబడి గొంతు సవరించుకున్నారు గానీ, అన్నం పెట్టిన ఇంట్లో ఎవరు మాత్రం ఏమంటారు. తిని, ఆకు తీసి, సరిగ్గా అట్లే ఉండాడు అని లేచిపోయారు.

తర్వాత ఒక సంతకు గంగులమ్మ వచ్చి, ఊరికే ఒక గుప్పెడు చింతపండు నా ముందర పెట్టింది. ఇప్పుడు లేస్తానే కనబడతాండాడని చెప్పింది. మసక పోయింది. కండ్లు మూసినా తెరిచినా స్పష్టంగా ఉన్నాడు. మొదట్లో కొత్తగా ఉండేదట, ఇప్పుడు అలవాటయిందట, నేను చెప్పినట్టే. నేను గౌస్ వైపు చూశాను. గౌస్ తన అక్షరాల వైపు చూసుకున్నాడు.

అక్కడి నుంచి పని పెరిగింది. సోమల నుంచి వచ్చారు, వాయల్పాడు నుంచి వచ్చారు. అందరికీ ఫోటో లేని పెద్దలే. ఒకాయన చచ్చిపోయిన తమ్ముడికి, ఒకామె మామకు, ఒకరు ముత్తాతకు. ఎవరు వచ్చినా నేను పద్ధతిగా ముక్కు గురించి, కండ్ల గురించి అడిగేవాణ్ణి, వాళ్ళు పద్ధతిగా చెప్పేవాళ్ళు, తర్వాత నా చేతికి వచ్చింది నేను రాసేవాణ్ణి. మీసంలో, తలగుడ్డలో, గంధంబొట్టులో తేడా చూపించేవాణ్ణి. ఆ నాలుగైదేళ్ళలో ఆ చుట్టుపక్కల చచ్చిపోయిన మగవాళ్ళంతా గోడల మీది నుంచి ఎడమ కనుబొమ ఎత్తి తమ సంసారాలను చూస్తూ ఉండేవాళ్ళు. ఒక్కరూ తప్పని అనలేదు. పైగా సోమల నుంచి వచ్చిన ఒకామె, మా పక్కింటాయనకు ఎక్కువ ఎత్తి మా ఆయనకు తక్కువ ఎత్తినావని కొట్లాట పెట్టుకుంది. ఆమె చేత సరే అనిపించేసరికి కనుబొమ తలగుడ్డలోకి పోయింది.

మా మూలన రణచంద్ర బ్యానర్లు చూసేవాళ్ళూ, చచ్చినవాళ్ళకు పటాలు కట్టించుకునేవాళ్ళూ ఒకరే. సినిమా చూసినవాళ్ళకు సంగతి తెలియక కాదు. తెలిసే గోడకు తగిలించుకున్నారు. తమ తండ్రి కొంచెం రణచంద్ర మాదిరి ఉంటే ఎవరికి చేదు? తెలియనిది గంగులమ్మ ఒక్కదానికే. ఆమె పుట్టి ఎన్నడూ సినిమా చూడలేదు.

ఒక ఎండాకాలం సదుంలో టూరింగ్ టాకీసు డేరా వేశారు. బ్యానరు నేనే రాశాను. కృష్ణప్ప సెలవు పెట్టి పెండ్లాన్ని తీసుకొని వచ్చి ఉన్నాడు. అమ్మను గూడా మొదటి ఆటకు తీసుకుపోయాడు. ఏం జరిగిందో నాకు బుజ్జమ్మ చెప్పింది, డేరాలో కూర్చున్న వాళ్ళు ఇంకో పదిమంది చెప్పారు, అందరూ ఒకటే చెప్పారు కాబట్టి నిజమే అయి ఉండాలి.

నేల టికెట్టులో ఇసుక మీద కూర్చున్నారు. దీపాలు ఆర్పారు. కాసేపు ఎవరెవరో వచ్చి మాట్లాడి పోయారు. తర్వాత ఒక తోటలో టోపీ పెట్టుకొని రణచంద్ర వచ్చి, టోపీ తీసి, కనుబొమ ఎత్తి, గులాబీ రంగు చీర కట్టుకున్న పిల్ల చెయ్యి పట్టుకొని గెంతడం మొదలుపెట్టాడు. గంగులమ్మ లేచి నిలబడింది. వెనక వాళ్ళు కూర్చోమని అరిచారు. ఆమె కూర్చోలేదు. కొడుకు బుజం పట్టుకొని, బయటికి వినబడేటట్టు అడిగింది.

"ఒరే క్రిష్ణా, మీ నాయన ఈడ ఏం జేస్తాండాడురా?"

డేరా అంతా నవ్వింది. తెర మీద పాట వినబడకుండా నవ్వారు. విశ్రాంతి దాకా నవ్వి, బీడీలు తాగడానికి బయటికి వచ్చి మళ్ళీ నవ్వారు. మరుసటి దినానికి ఆ మాట సోమల దాకా పోయింది. ఎవరింట్లో మొగుడు కనబడకపోయినా, డేరాలో చూడండి, ఆడ ఎగరతాంటాడు అనేవాళ్ళు. తమ గోడల మీదా ఆ మొగమే ఉన్నవాళ్ళు అందరికంటే గట్టిగా నవ్వారు. కృష్ణప్ప సెలవు మిగిలి ఉండగానే కుప్పం వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతి సంతకు ఆమె వచ్చింది. గంపలో చింతపండు లేదు, తువాల్లో చుట్టిన రేకు ఉంది. తిట్టడానికి వచ్చిందని నేను సిద్ధంగా ఉన్నాను. నా దగ్గర జవాబులు చాలా ఉన్నాయి. కొడుకు చెప్పిన మాట ఉంది, ఆమె ఏమీ చెప్పలేకపోయిన మాట ఉంది. ఆమె తిట్టలేదు. రేకును గోడకు ఆనించి, దానికి వీపు తిప్పి, నాకు ఎదురుగా కూర్చుంది.

అసలు మొగం రాసిస్తానమ్మా, ఈసారి నిదానంగా చెప్పు, అన్నాను. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాను.

"యాడిది చెప్పేది? అప్పుడు మసకన్నా ఉండె. ఇప్పుడు కండ్లు మూస్తే ఆ ఎగిరేటోడు వస్తాండాడు. పొయ్యికాడ గూసుంటే వస్తాడు, గుడ్డ ఉతకతాంటే వస్తాడు. ఆ పిల్ల చెయ్యి పట్టుకోనే వస్తాడప్పా. నాకుండే ఆ రవ్వంత గూడా నీ బొమ్మ తినేసింది."

మరి ఏం చెయ్యమంటావని అడిగాను.

"ఆ మొగం తీసెయ్యి."

ఇంకో మొగం రాయాలి గదా అన్నాను. వద్దంది. తలగుడ్డ ఉండనిమ్మంది, బుజాలు ఉండనిమ్మంది, మధ్యలో ఆ మనిషిని తీసెయ్యమంది. మొగం లేకుండా పటం ఎక్కడైనా ఉంటుందా అని చెప్పి చూశాను. ఊరంతా నవ్వుతుందన్నాను. ఇప్పుడేం జేస్తాండారు అంది. నేను కుంచె ముట్టుకోలేదు. నచ్చినా నచ్చకపోయినా ఆ బొమ్మలో చేయి తిరిగిన పని ఉంది. నీడలు ఉన్నాయి, కండ్లలో వెలుగు ఉంది. మదనపల్లెలో నిచ్చెన ఎక్కి కొలిచిన పని అది. దాన్ని నా చేత్తో నేను చెరపనని చెప్పేసి పక్కకు తిరిగాను.

గౌస్ లేచాడు. బొమ్మలో మనిషి వెనక పూసిన రంగు ఏదో చూసి, రెండు డబ్బాల్లోనుంచి కలిపి, సరిగ్గా ఆ రంగు తెచ్చాడు. గోడకు సున్నం కొట్టినంత తేలిగ్గా పని మొదలుపెట్టాడు. గడ్డం పోయింది, నవ్వు పోయింది. కనుబొమ ఎర్రమట్టి రంగు కింద ఒకసారి కనబడింది, రెండో పూతకు అదీ పోయింది. తలగుడ్డ అంచు దగ్గర మాత్రం సన్న కుంచె తీసుకొని, ఊపిరి బిగబట్టి, ఒక్క మడత చెడకుండా చుట్టూ పూసుకొచ్చాడు. మొగం రాయను అన్న మనిషి మొగం చెరపడంలో అంత పనితనం చూపిస్తాడని నాకు తెలియదు.

గంగులమ్మ అప్పుడు తిరిగి కూర్చుంది. తలగుడ్డ ఉంది, కాలరు ఉంది, మధ్యలో ఏమీ లేదు. చాలాసేపు చూసింది. ఏమన్నా కనబడతాందా అమ్మా అని గౌస్ అడిగాడు. లేదంది. చేతి గడియారం గూడా తీసెయ్యమంది. ఆయప్పకు పొద్దు చూసే వేళ తెలిసేదట.

తడి ఆరిందాకా కూర్చొని తీసుకుపోయింది. కృష్ణప్ప కుప్పం నుంచి మనిషి చేత కబురు పంపాడు, మొగం మళ్ళీ వెయ్యమని, అమ్మకు తెలియకుండా తాను తెచ్చి ఇస్తానని. ఆమె దాన్ని ఆ గోడ మీదినుంచి కదలనిస్తే గదా.

పటాల పని తగ్గిపోయింది. సదుం మాట విన్నవాళ్ళు నా దగ్గరికి రావడానికి సిగ్గుపడ్డారు. పలమనేరులో, మదనపల్లెలో ఫోటో స్టూడియోలు పెరిగాయి, జనం బతికి ఉండగానే మొగాలు తీయించుకోవడం మొదలుపెట్టారు. రణచంద్రకు గూడా వయసు మీద పడి, కనుబొమ ఎత్తితే నుదుట ముడతలు కనబడేవి. నేను గోడల మీద మందుల ప్రకటనలు రాసుకుంటూ తిరిగాను. అందులో మొగాలు ఉండవు. పురుగు ఉంటుంది, దాని మీద గుణకారపు గుర్తు ఉంటుంది.

అట్లా ఒక పెద్దల అమావాస్య నాడు వాళ్ళ పల్లెలోనే ఒక గోడ దొరికింది. పని అయ్యాక గంగులమ్మ ఇంటి మీదుగా రావలసి వచ్చింది. దారి అటే. తలుపు తీసి ఉంది. లోపల పటం అదే గోడకు ఉంది, బంతిపూల మాల వేసి ఉంది. నిజం చెప్పాలంటే నేను నవ్వుకుందామనే ఆగాను. మొగం లేని తలగుడ్డకు మాల వేస్తే చూడడానికి ఎట్లా ఉంటుందో ఊహించండి.

బుజ్జమ్మ పీట మీద ఎక్కి పటానికి బొట్టు పెట్టబోతోంది. వేలికి కుంకం ఉంది, ఎక్కడ పెట్టాలో తెలియక వేలు గాలిలో తిరుగుతోంది. తలగుడ్డ కింద ఒకచోట ఆనించబోయింది. గంగులమ్మ గడప దగ్గర చాటలో బియ్యం ఏరుకుంటూ ఉంది, సగం తల ఎత్తి చూసింది.

"ఆడ గాదమ్మే. ఇంగా కిందికి. ఆ, కొంచెం ఎడమకి. ఆడ."

బుజ్జమ్మ పెట్టి దిగింది. నేను గుమ్మం దగ్గర నిలబడి ఆ బొట్టును చూశాను. ఖాళీ రేకు మీద ఎర్రగా ఒక్క చుక్క. నా బొమ్మలో నుదురు యాడ ఉండేదో నాకు బాగా తెలుసు. ఈ చుక్క అక్కడ లేదు. నా లెక్క ప్రకారం అది ముక్కు మీద పడింది. అంటే ఆ మనిషి తల అంత నిటారుగా ఎత్తుకొనేవాడు కాదు. మెడ ముందుకు వంగి ఉండాలి, మొగం కొంచెం ఎడమకు తిరిగి కిందికి చూస్తూ ఉండాలి. అట్లాంటప్పుడు గడ్డం కాలరు లోపలికి పోతుంది. ఆ కాలరు కృష్ణప్ప పెట్టించింది, నాది కాదు. కండ్లు ఆ బొట్టుకు కింద వస్తే, ముక్కు వాలు పక్కకు వస్తుంది. జేబులో పెన్సిలు ఉంది. చేయి దానంతట అదే పోయింది.

"గంగులమ్మా, ముక్కు యాడొస్తాది?" అని అడిగాను.

ఆమె చాట కింద పెట్టింది. నన్ను చూసింది, నా చేతిలో పెన్సిలును చూసింది, తర్వాత పటాన్ని చూసింది. పటాన్ని చూసినప్పుడు ఆమె చూపు ఖాళీ రేకు మీద తిరగలేదు, ఒకచోట ఆగింది.

"నీకు జెప్పనప్పా," అంది. "గూసో, కాఫీ తాగి పో."